నాలుగో తరగతి టైంటేబులు

గల్ఫ్‌లో, రిఫా అనే ఊళ్ళో ఓ చిన్న ఫ్లాటు. డ్యూటీ దిగి వచ్చిన భర్త, కూతురు ప్రసన్న కోసం ఎవరో సెలవుకి వెళ్ళి ఊరి నుంచి తెచ్చిన నాలుగో తరగతి పుస్తకాల కట్టని బల్ల మీద పడేశాడు.

"ప్రసన్న బాత్రూంలో గడియేసుకుని రానంటోంది. మళ్ళీ కొట్టావా?"

"ఏడో ఎక్కం రాలేదండి. అట్లకాడతో రెండేశాను."

"రెండేస్తే అట్లకాడ వంకర పోద్దా? స్కూల్లో టీచరు స్కేలుతో కొట్టిందనేగా మాన్పించి, ఇంట్లోనే నేను చదువు చెప్తానన్నావు?"

"పరాయి మనిషికేం హక్కుందండీ? నేను కన్నతల్లిని."

"నోర్ముయ్. ఈ కాగితం ఏంటి?"

"వచ్చే ఏడాదికి టైంటేబులు. పిల్లనే రాయమన్నాను. నేనింకా చూళ్ళేదు."

"ఎనిమిదింటికి తెలుగు. తొమ్మిదింటికి లెక్కలు. పదింటికి... 'దెబ్బలు, నాకు.' స్కేలెట్టి గీతలు గీసి మరీ రాసిందే! ఇంకోసారి దాని మీద చెయ్యేశావంటే, ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెడతాను!"

"విరుద్దురుగాని. ముందు ఆ కింద శుక్రవారం కూడా చదవండి."

"శుక్రవారం చదువుకి సెలవు. నాన్న ఇంట్లో ఉంటాడు..."

"ఆగిపోయారేం? కింద ఇంకో వరస ఉన్నట్టుంది. ఇలా ఇవ్వండి, నేను చదువుతాను. 'పదింటికి దెబ్బలు, అమ్మకి.'"