బావ దిగిన కారు

అధ్యక్ష స్థానంలో ఉన్న రేస్ ట్రాకు తనిఖీ అధికారి గారికి, ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్న టైర్ల కొట్టు యజమాని గారికి, పాత ఇనుము పెద్దాయనకి, మా అక్కకి, షెడ్డు మిత్రులకి, ఎవరూ పిలవకపోయినా టీ ఇస్తారని పసిగట్టి వచ్చిన పక్క వర్క్‌షాపు వాళ్ళకి నా నమస్కారాలు. అధ్యక్షులవారు మన్నించాలి, తమరు కూర్చున్నది సోఫా కాదు, మా రేసు కారు వెనక సీటు. తమరి కాళ్ళ కిందిది ఆ కారు నేల మీది పట్టా. ఈ సభ అలంకరణలో సగం ఆ కారులోంచి ఊడబీకిందే. (నవ్వులు)

బడి నన్ను భరించలేక ఐదో తరగతిలోనే సాగనంపింది, కాబట్టి నా ప్రసంగంలో పెద్ద మాటలు దొరకవు. ఇవాళ మనం వీడ్కోలు చెబుతున్నది మా అక్క మొగుడికి, అంటే నా బావకి. వారమంతా బడి బస్సు నడుపుతాడు. పిల్లలు కిటికీలోంచి నడిచివెళ్ళేవాళ్ళని చూసి, "డ్రైవరంకుల్, ఆ తాతగారు కూడా మనల్ని దాటేశారు" అని ఏడిపిస్తుంటే నవ్వి ఊరుకుంటాడు. ఆదివారం వస్తే చిన్న కార్ల పందెంలో కూర్చుని, వారమంతా దాటించుకున్న వాళ్ళందరి లెక్కా తీర్చేవాడు.

ఈ పందెం సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక ముక్క చెబుతాను. ఇందులో ఇంజను ముట్టుకోకూడదు, సీలు వేసి ఉంటుంది. ఆ ఇంజను ఎంతటిదంటే, పక్కన మా అక్క మిక్సీ పెట్టి రెండూ ఆన్ చేస్తే ఏది ఏదో చప్పుడుని బట్టి చెప్పలేరు. డబ్బున్న జట్లు కొత్త టైర్లు, కొత్త స్ప్రింగులు కొనుక్కుంటాయి. మాకు వాటి బొమ్మలు చూసుకునే స్తోమతే ఉంది. అందుకని బావ దారం కట్టి చక్రాల వరస సరిచూసేవాడు, పెద్ద కార్ల వాళ్ళు సగం అరిగాయని పారేసిన టైర్లు ఏరుకొచ్చి, నేలని ఇవే బాగా పట్టుకుంటాయని ముద్దు పెట్టుకునేవాడు. (టైర్ల కొట్టు వారు అటు తిరిగి కూర్చోనక్కర్లేదు, మీ కొట్లో కొననందుకే ఇవాళ మీకు సన్మాన కుర్చీ ఇచ్చాం.)

అన్నిటికంటే బావ నమ్ముకున్నది బరువు తగ్గించడం. బలం పెంచలేనప్పుడు మోత తగ్గించుకోవాలిగా. అందుకని షెడ్డులో ఒక ఆచారం పెట్టాడు. లోపలికి వచ్చిన వాడెవడైనా సరే, చుట్టమైనా, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన వాడైనా, కారులోంచి పనికిరానిదేదో ఒకటి వెతికి తీసి పక్కన పెట్టందే బయటికి పోకూడదు. అలా రేడియో పోయింది, తలుపుల అట్టలు పోయాయి, చప్పుడు రాకుండా అడ్డంపెట్టే మెత్తలన్నీ పోయాయి. ఒకసారి మా ఇంటి పెయింటరు వచ్చి, తీయడానికి ఇంకేమీ దొరక్క, లోపలివైపు తలుపు పిడి విప్పి పోయాడు. అప్పటికే ఇంకెవడో అద్దం దింపే మర తీసేశాడన్న సంగతి ఆయనకి తెలీదు. ఆ ఆదివారమే బావ మొదటిసారి మూడో స్థానంలో వచ్చాడు. మేమంతా కారు చుట్టూ గంతులేస్తున్నాం, బావ లోపల అద్దం మీద దబదబా బాదుతున్నాడు. మా సంతోషానికి ఆయనా కలిశాడనుకుని మేం ఇంకా గట్టిగా చేతులూపాం. ఆఖరికి మా అక్క వచ్చి, "ఒరేయ్, ఆయన నవ్వట్లేదు, ఊపిరాడక నోరు తెరుస్తున్నార్రా" అని తలుపు లాగింది. ఆ తర్వాత అధ్యక్షులవారు మా కారు దగ్గరికి వస్తే మొదట పిడి పట్టుకుని లాగి చూసేవారు. లాగండి సార్, ఇప్పుడు ఉంది. (నవ్వులు)

ఇంత చేసినా ముందుండే రెండు కార్లు చిన్న మలుపు దాటగానే మాకు దూరమైపోయేవి. పోయిన నెల పాత ఇనుము పెద్దాయన కాటా మీదికి కారెక్కించి చూశాం. రూల్సు ఒప్పుకునే కనీస బరువుకి ఇంకా పైనే ఉంది. అందరం కారు చుట్టూ తిరిగాం. తీయడానికి ఏమీ లేదు. అంటే, ఉంది. స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. ఎవడికీ నోరు పెగల్లేదు. నాకు కూడా. నేను నోరు మూసుకున్న సందర్భాలు మా అక్కకి గుర్తుండిపోతాయి, అది వాటిలో ఒకటి.

అంతకుముందు ఒకసారి భోజనం తగ్గించమని చెప్పి చూశాం. "బస్సు తోలి తోలి వచ్చే మనిషిని నేను మాడ్చను, కావాలంటే మీరంతా మానేసి కారుని తోయండి" అంది అక్క. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

కాటా మీద బావ మా మొహాలు చూశాడు. నెమ్మదిగా పిడి లాగి దిగాడు. "ఆచారం నేనే పెట్టాను కదరా, ఇవాళ నా వంతు" అన్నాడు. హెల్మెట్టు తీసి, తన దగ్గరే తోలడం నేర్చుకుని మా పక్కనే నిలబడ్డ కూతురి చేతిలో పెట్టాడు.



మా మేనకోడలు బక్కపలచటి పిల్ల. బరువు సరిపోయింది, ఇక గెలుపు మనదే అనుకున్నాం. మొదటి ప్రాక్టీసులో బావ కంటే నెమ్మదిగా వచ్చింది. అంత బరువు దించి, ఇంకా నెమ్మది. సంగతేమిటంటే, పెద్ద మలుపు దగ్గర అందరిలాగే ఆక్సిలేటరు మీంచి కాలెత్తేస్తోంది. చిన్న ఇంజను కదా, ఒకసారి వేగం పారేసుకుంటే మళ్ళీ కూడబెట్టుకునేలోపు పందెం అయిపోతుంది. బావ అక్కడ కాలెత్తేవాడు కాదు. మేం ఇన్నాళ్ళూ విప్పి పారేసిన సామానంతా కలిపినా ఆయన కుడికాలు చేసిన పనికి సాటి రాదు, ఆ కాలిని మేం బరువు కింద జమకట్టాం.

అప్పుడు ఈయనేం చేయాలి? ఆ మలుపు పక్కన నిలబడి పిల్లకి చెప్పుకోవాలి. చేయలేదు. ఆ రోజే కొక్కేనికి వేలాడే తువ్వాలు తీసుకుని, షెడ్డు తాళం నా జేబులో వేసి, "దిగినవాడు మళ్ళీ కారు చుట్టూ తిరగకూడదురా, చూస్తే చెయ్యి ఊరుకోదు" అని వెళ్ళిపోయాడు. ఈ సభకి కూడా మా అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. రేపు ఆదివారం పిల్ల మొదటి పందెం. వస్తావా అంటే, బస్సుకి సర్వీసింగు ఉందంటాడు. ఆదివారం పూట సర్వీసింగు చేసే మెకానిక్కుని నేనే, నాకు తెలియని సర్వీసింగు అది. (నవ్వులు)

బావా, నిన్ను నేను చాలా ఏడిపించాను. నీ కారు వెనక ఎర్ర ఎల్ బోర్డు అంటించి పందేనికి పంపింది నేనే, నువ్వు ఆ బోర్డుతోనే ఇద్దర్ని దాటావు. ఇప్పుడు మాత్రం ఏడిపించడం లేదు. నువ్వు కారు దిగావు, మంచిది. షెడ్డు దిగమని ఎవరన్నారు? నువ్వు లేని షెడ్డులో మేం చేసేది మెకానిక్కు పని, అంతే. అందులో సరదా ఏముంది?

సన్మానమంటే చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఇది టాక్సీ ఆఫీసు వాళ్ళు మూలన పడేసిన వాకీటాకీ, దులిపి బాగుచేశాను. దీని జోడీ బయట కారులో, నీ కూతురి చెవి దగ్గర ఉంది. బరువు పెరగదా అంటావు, పెరుగుతుంది. తలుపు పిడి తర్వాత ఆ కారులోకి మేం ఒప్పుకుని ఎక్కించిన వస్తువు ఇదొక్కటే. పిల్ల చాలాసేపటి నుంచి హెల్మెట్టు పెట్టుకుని ఎదురుచూస్తోంది. మీట నొక్కితే మాట్లాడొచ్చు. ఇష్టం లేకపోతే అక్కడ పెట్టెయ్, ఎవ్వరం ఏమీ అనం.

(వాకీటాకీ గరగర)

అదుగో, పిల్ల గొంతు. మైకు దగ్గర పెడుతున్నాను, అందరూ వినండి. "నాన్నా, ఉన్నావా? పెద్ద మలుపులో కాలు ఎక్కడ ఎత్తాలి?"

బావ తల దించుకున్నాడు. మా అక్క ఆయన వైపు చూడటం లేదు, కావాలనే చూడటం లేదు. ఆ... మీట నొక్కాడు.

వెనక వరుసకి వినపడి ఉండదు, నేను చెబుతాను. "ఎత్తకు తల్లీ. గోడ వైపు చూడకు, మలుపు ఎక్కడ అయిపోతుందో అక్కడ చూడు. నేను అక్కడే నిలబడి ఉంటాను" అన్నాడు.

నేను ఇంకా చాలా చెప్పాలని వచ్చాను, ఇక అక్కర్లేదు. వచ్చిన పెద్దలకి, నా నోటిని ఇంతసేపు భరించిన అధ్యక్షులవారికి, ఈయన్ని లాక్కొచ్చిన మా అక్కకి కృతజ్ఞతలు. తండ్రీకూతుళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నారు, కాస్త మెల్లగా లేచి టీ దగ్గరికి వెళ్ళండి. నాకు సెలవు.