ఎవలింటి మాట వాళ్లకే

“అవ్వా, మావోనికి మూడేండ్లు నిండినయ్, మాటింక రాలే. గల్లీల తిప్పితె ఆగమైతడని మా అత్త తలుపేసి ఉంచుతున్నది. మీ లచ్చిమికి గూడ లేటుగనే వచ్చెనట గద?”

లేటుగనా? మూగదనే ఖాయం జేసిండ్రు బిడ్డా! ఎవలో గాదు, మా ఆడిబిడ్డ. మోర్తాడుల ఇచ్చినం ఆమెను. పాణం పొయ్యేదాంక మర్వ ఆమె మాట.

అప్పుడు మేం బోధన్ల, చెరుకు బండ్లు పొయ్యే తొవ్వ పక్కపొంటి ఉంటుంటిమి. ఎడమదిక్కు ఫాతిమా ఖాలా, మిషిన్ మీద కుట్టేది... కాదు కాదు, మిషిన్ ఎనుక కొన్నది, అప్పుడు చేతితోనే. ఎదురుంగ శాంతాబాయి, మరాఠీ ఆమె, మొగడు చెరుకు బండి తోలేటోడు. చక్కెర అప్పుడు ఎంత అగ్గువుండె... సరే, అది ఇడిసిపెట్టు.

మా గల్లీల ఒక కట్టడి ఉండె. పోరగాండ్లు ఏ ఇంట్లకు పోతె ఆ ఇంటి భాషల అడుగాలె. ‘రోటీ దేవ్’ అంటెనే ఖాలా రొట్టె ఇచ్చేది. ‘ఊస్ ద్యా’ అంటెనే బాయి చెరుకు గడ ఇచ్చేది. నా బిడ్డ ఉత్తగ చెయ్యి సాపేది. దాని తరఫున వాళ్లే అడిగి, వాళ్లే ఇద్దురు. పక్కన కూసోబెట్టుకొని, ఇది సూది, ఇది దారం అని పొద్దంత చెప్తనే ఉందురు.

లచ్చిమికి ఐదేండ్లు నిండినయ్, ఇస్కూల్ల ఏద్దామనుకుంటున్నం. పసుపు ఉడుకబెట్టే దినాలల్ల ఆడిబిడ్డ దిగింది. ‘మూడు భాషలు కల్పి పిల్ల తలకాయ కరాబ్ జేసిండ్రు. మూగదానికి ఇస్కూలెందుకే? నాకియ్యి, పసుపు కొమ్ములన్న ఏర్తది’ అన్నది. మా ఆయన అక్కకు ఎదురు చెప్పడు గద, తలూపిండు.

తెల్లారి ఆడిబిడ్డ బస్సుకని పిల్ల రెట్ట పట్టి గుంజవట్టె. గల్లీ అంత బయటికొచ్చింది. నేను నోరు తెరువకముందే నా బిడ్డ శాంతాబాయి దిక్కు తిరిగి ‘మీ యేత్ నాహీ!’ అన్నది. రానంటున్నది! ఖాలాను సూసి ‘ఖాలా, ఇస్ బుడ్డీకు భగావ్!’ ముసల్దాన్ని తరుముమని! ఆకరికి మేనత్త దిక్కు మళ్లి, సక్కంగ మన తెలుగుల, ‘చెయ్యి ఇడువు. నేను ఇస్కూలుకు వోత.’

ఎవలింటి మాట వాళ్లకే! ఒక్కతాన తప్పలే! ఖాలా నవ్విన నవ్వుకు చేతిల సూది కిందవడ్డది. ఆడిబిడ్డను నేనే తోల్కవోయి బస్సెక్కిచ్చిన. ఆమె ఇంట్ల నీళ్లు గూడ ఇప్పటికి ముట్ట.

లచ్చిమి ఇప్పుడు నిజామాబాద్ దవాఖానల నర్సు. మంచం మీద ఎవలుంటె వాళ్ల భాషల అర్సుకుంటది.

ఏదీ, ఆ తలుపు తియ్యి. మీ అత్త అడిగితె అవ్వ తీయించిందను. ఇగో, సూడు సూడు, చెప్పులు గూడ ఏసుకోకుండ ఎట్ల ఉరుకుతున్నడో! పో కొడుకా, సల్లగుండు. నలుగురిండ్లల్ల నీ గొంతు ఇనవడని...