నాలుగు తెల్లవెంట్రుకలు

మీ నానమ్మకి జుట్టు లేదని ఎవరు చెప్పారే నీకు? మీ నాన్నా? వాడు చెప్పేది సగమే, అది మొదలైనప్పుడు వాడికి రెండేళ్ళు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు ఊగుతుంది. ఆ... ఏమంటున్నాను? జుట్టు. ఉండేదమ్మా, లేకేం, మీ నానమ్మ, అంటే మా వదిన, జడ నడుం దాకా వచ్చేది. ముప్పై ఆరో ఏట చెవి వెనకాల చొక్కా గుండీ అంత మేర ఊడింది. డాక్టరు రాసిచ్చినవి వాడింది, ఎవరెవరో చెప్పిన నూనెలు పట్టించింది, నాలుగు నెలలకి కనుబొమ్మలతో సహా అంతా పోయింది. మనిషి మాత్రం గట్టిగానే ఉంది. అదే చిక్కు. జ్వరమైతే ముసుగుతన్ని పడుకోవచ్చు, దీనికి సెలవెవరిస్తారు?

పోస్టాఫీసులో స్టాంపుల కౌంటరు ఆవిడది. తలకి గుడ్డ కట్టుకుని కూర్చునేది. ఓ పెద్దమనిషి, గొంతైనా తగ్గించకుండా, "ఏం రోగమమ్మా, అంటుకుంటుందా?" అని అడిగాడట, కవరు రెండు వేళ్ళతో పట్టుకుని. ఆవేళే పోస్టుమాస్టర్ని అడిగి, ఉత్తరాలు వేరుచేసే వెనక గదికి మారిపోయింది. కిటికీ కూడా లేని గది. ఇంట్లోనూ అంతే, మా అన్నయ్య ముందు కూడా ఆ గుడ్డ తీసేది కాదు. మీ తాత సంగతి నీకు తెలీదు, నోరు విప్పి ఓ మాట అనడు. అద్దం తీసి బీరువా వెనక పెట్టేశాడు, మంచే చేస్తున్నాననుకుని. ఆవిడేమో, నన్ను చూడలేకే దాచాడనుకుంది. నెల రోజులు ఇద్దరూ ఆ అద్దం ఊసెత్తలేదు.

నేనా? నాటకాల వాళ్ళకి విగ్గులు కట్టే కొట్లో పనివాణ్ణి. ఓ ఆదివారం వెనక గుమ్మంలో నిలబడి, "ఏం మరిదీ, రాజులకేనా, మాలాంటి వాళ్ళకీ కడతావా?" అంది. కడతాననేశాను గానీ, భయమేసింది. స్టేజీ విగ్గంటే దూరాన్నుంచి చూసేది, దీన్ని ముఖంలో ముఖం పెట్టి చూస్తారు. సన్నటి వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడేశాను, రెండు నెలలు. ఈ కళ్ళు అప్పుడే పోయాయిలే. తొడిగితే నల్లగా, ఒత్తుగా, నిగనిగలాడుతోంది. కొట్లో అద్దం ముందు చాలాసేపు నిలబడి, "ఇదెవరో పెళ్ళికూతురి తలయ్యా. పాపిడి దగ్గర పల్చన చెయ్యి, నాలుగు తెల్లవెంట్రుకలు పెట్టు" అంది. ఒళ్ళు మండింది నాకు. అయినా విప్పి మళ్ళీ కట్టాను. ఈసారి పెట్టుకుని, అద్దంలోకి చూసి, "ఆ, ఇప్పుడు నేనొచ్చాను" అంది. అంతే.

మర్నాడు మళ్ళీ కౌంటర్లో. నేను ఉండబట్టలేక ఓ కవరు పట్టుకుని వరసలో నిలబడ్డాను. ఫ్యాను గాలికి విగ్గు చెవి మీదికి జరిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కలం కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకున్నట్టు రెండు చేతులా సర్దుకుని, "తర్వాత ఎవరండీ?" అంది. నేను మాత్రం స్టాంపు కొనకుండానే బయటికొచ్చేశాను.

ఆ తర్వాత జుట్టు ఊడిన ఆడవాళ్ళు రావడం మొదలైంది. కౌంటరు మీదికి వంగి, విగ్గెక్కడ కట్టించారని గుసగుసగా అడిగేవాళ్ళు. వదిన వాళ్ళని ఇంటికి పిలిచి, ముందు తన విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు మాట్లాడేది. మూడు నెలలుగా గుమ్మం దాటని ఓ నర్సు, ఆవిణ్ణి చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత నన్ను తల కొలత తీసుకోమంది. అన్నయ్య అందరికీ టీ కాచేవాడు. ఇంట్లో తలగుడ్డ మానేసింది అప్పట్నించే.

యాభై తొమ్మిదో ఏట పోయింది, కూర్చున్నది కూర్చున్నట్టే. జనం వస్తారు కదా, నేను విగ్గు దువ్వి పట్టుకెళ్ళాను. పెట్టబోతుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "వాళ్ళొచ్చాక పెడుదువుగానిలేరా. కాసేపు నా మనిషిలా ఉండనీ" అన్నాడు. తలుపేసుకుని ఇద్దరం అలా కూర్చున్నాం. అన్నయ్య ఆ తల మీద చెయ్యేసి, మెల్లగా, ఇలా...

సరేగానీ, కరెంటు మీటరు చూసేవాడు వచ్చి వెళ్ళాడా, లేదా?