కంప్యూటర్ బావ గున్న ఏనుగు

సెలూన్ కుర్చీలో మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు గానీ కంప్యూటర్ బావ నోటికి మాత్రం కట్టు పడలేదు. సెలూన్ యజమానికి అక్కమొగుడు కావడంతో ఆయన అందరికీ బావే. పిల్లల చేత కూరలు తినిపించి ఒళ్లు వంచి ఆడించడానికి బడివాళ్లకి వెబ్‌సైట్ చేసిపెట్టిందీ ఆయనే. ఏం తిన్నారో, ఎంత ఆడారో పిల్లలు రోజూ అందులో నొక్కాలి. కూర తింటే తెరమీద గున్న ఏనుగు గంతులేస్తుంది, తినకపోతే చతికిలబడుతుంది.

వంతుకోసం బల్లమీద కూర్చున్న గడియారాల మెకానిక్‌కి ఆ ఏనుగు మాట వింటేనే గుండెల్లో రాయి పడుతుంది. అందరి ఏనుగులూ గంతులేస్తున్నాయి, వాళ్లబ్బాయిది నెల్లాళ్లుగా లేవలేదు. "నేనొక్కణ్నే పనికిరానివాణ్ని నాన్నా" అని వాడు నిన్న కంచం ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెంపకంలో తానే ఎక్కడో తప్పు చేశానని తండ్రి కుమిలిపోతున్నాడు.

"మా అమ్మాయినే చూడండి," అన్నాడు బావ. "మొదటిరోజు భయంభయంగా ఒక్క క్యారెట్ ముక్క కొరికింది. ఏనుగు గెంతింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బుట్టెడు క్యారెట్లు నమిలేసి, క్యాబేజీ ఏదని వంటింటిమీద పడింది. మర్నాటికి బజార్లో ఆకు అన్నది లేదు. కూరలవాడు మా గుమ్మంలో దణ్ణం పెట్టి, తల్లీ, విత్తనాలకైనా నాలుగు వదులు అన్నాడు."

"మరి ఆటలో?" అని బల్లమీద పక్కనే కూర్చున్న పోస్ట్‌మాన్ చదువుతున్న పేపరు మడిచి ఎగదోశాడు.

"అక్కడికే వస్తున్నా. తాడాట మొదలెడితే వీధంతా అదిరి, పక్కింటివాళ్ల గిన్నెలో పాలు వెన్నయిపోయాయి. పరుగుకి దిగితే దాని నీడ అరగంట ఆలస్యంగా ఇల్లు చేరేది. చివరికి డాక్టరు ఆసుపత్రికి తాళం వేసుకొచ్చి, బాబూ, రోగులు లేరు, ఆ వెబ్‌సైట్ కాస్త ఆపు, నా పిల్లలూ బతకాలి కదా అని బతిమాలాడు."

కోతలని మెకానిక్‌కి తెలుసు. కానీ ఆ అమ్మాయి ఏనుగు రోజూ గెంతడం తను కళ్లారా చూశాడు. అదెలా చేయిస్తున్నారో చెప్పమని సిగ్గు విడిచి అడిగాడు.

క్షవరం చేస్తున్న బావమరిది కత్తెర ఆపాడు. "బెంగపెట్టుకోకన్నా. మా మేనకోడలు కూరంతా బల్లకిందికి తోసేస్తుంది. అది నిద్రపోయాక ఈయనే కూర్చుని, క్యారెట్ తిన్నాను, పరిగెత్తాను అని నొక్కుతాడు. తను చేసిన ఏనుగు తన ఇంట్లోనే లేవకపోతే పరువేం కాను?"

బావ అద్దంలో ఎటో చూశాడు. పోస్ట్‌మాన్ మళ్లీ పేపరు విప్పుకున్నాడు.

"మీ ఇంట్లోనో?" అని మెకానిక్ అతన్ని అడిగాడు.

"మా ఆవిడ నొక్కుతుంది," అంది పేపరు చాటునుంచి గొంతు.

మెకానిక్‌కి గుండెల మీంచి బండ దించినట్టయింది. "అంటే ఉన్నదున్నట్టు నొక్కేది మావాడొక్కడే," అన్నాడు. కళ్లు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. ఈ మాట వాడికి ఇప్పుడే చెప్పాలని, క్షవరం సంగతి మరిచిపోయి ఇంటికి లగెత్తాడు.

బావ గుడ్డలోంచి చెయ్యి తీసి గుమ్మంవైపు చూపించాడు. "చూశారుగా ఆ పరుగు. మా వెబ్‌సైట్ పెద్దవాళ్లకీ పనిచేస్తుంది."