తొమ్మిదో అంతస్తు

హలో… ఆ, నేనే అన్నయ్యా. చెప్పు.

…లిఫ్టు ఆగలేదా? నువ్వు నడిపే పార్కింగ్ టవర్‌కి ఉన్నవే ఆరంతస్తులు… పైకప్పుకి ఆనుకుని నిలబడిందా. కారుతో సహా.

నువ్వేం నొక్కావ్? …ఆరు బదులు తొమ్మిది. …నొక్కితే నొక్కావ్‌లే, లేని అంతస్తుకి అది ఒప్పుకోకూడదు. దాని ప్రోగ్రాంలో హద్దులు చూసే మెథడ్ నేను రాసిందే.

తెర మీద ఏముంది? …‘తొమ్మిదో అంతస్తు ఖాళీ. స్వాగతం.’ …ఖాళీగానే ఉంటుంది. లేదు కదా.

కారెవరిది?

…మా అత్తగారిదా.

…ఆవిడ లోపలే ఉన్నారా! ముందు దిగమని చెప్పాలిగా… చెప్పినా దిగలేదా. అయితే ఆవిడే, సందేహం లేదు.

అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా, రాసింది నేనని చెప్పకు. అసలే ఉద్యోగం మానేయమని రోజూ పోరు. ఇది తెలిసిందా, రేపట్నుంచి ఇంట్లోనే నేను.

ఉండు, చూస్తున్నా… వరసలు పన్నెండు, వరసకి పన్నెండు కార్లు, అంతస్తులు ఆరు…

…నా మొహం మండ.

ఏం లేదు. గడుల పట్టికకి, అదే అర్రేకి, ఎన్ని కొలతలున్నా ఒక్క మెథడే సరిపోవాలని గొప్పకి పోయాను. పోయి, నొక్కిన ప్రతి అంకెనీ మొదటి కొలతతోనే, ఆ వరసల పన్నెండుతోనే పోల్చాను. అన్నిటినీ ఒకే గాటన కట్టేశాను. తొమ్మిది పన్నెండు కన్నా తక్కువేగా, వెళ్ళమంది.

…టెస్టులా? ఎందుకు చెయ్యలేదు! మూడు, మూడు, మూడు. నాలుగు, నాలుగు, నాలుగు. అన్ని వైపులా ఒకే కొలత. టైపు చెయ్యడం తేలికని.

…హారన్ కొడుతున్నారా. కొట్టనీ.

ఇదిగో, దేని హద్దు దానికే పెట్టాను. పంపించా. మళ్ళీ తొమ్మిది నొక్కు… కుదరదందా? అమ్మయ్య. ఇప్పుడు కిందకి.

…దిగుతోందా. …దిగారా. …మొహం ఎలా ఉంది?

…ఫోనా? నాకా? ఇవ్వకు అన్నయ్యా, ఇవ్వ—

హలో… నేనేనండీ, అత్తయ్యగారూ.

…అన్నయ్య చెప్పాడా?

…చెప్పలేదా. మరెలా…

…ఏం చెప్పినా లిఫ్టు ముందూ వెనకా చూడకుండా, అచ్చం నాలాగే సరే సరే అంటుంటే… నేనే రాసుంటానని పోల్చారా.

…అవునండీ. నేనే.

…ఇకనైనా మానేయాలా.

లేదండీ. మానను.

…హలో? …అత్తయ్యగారూ, ఉన్నారా?

…ఆ. ‘ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది’ అంటారా. అవునండీ, బాగుచేసి ఇప్పుడే పంపించా…

…లిఫ్టు సంగతి కాదా?

…హలో?

పెట్టేశారు.