సుద్దగీత పడని థాను

అధ్యక్షులు మేనేజరుగారికీ, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలకూ, దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డ మా నేత షెడ్డు మిత్రులకూ నమస్కారం. ఈరోజు పదవీ విరమణ చేస్తున్నది మా ఆవిడ. మాట్లాడమని మీరు పిలిచింది నన్ను. ఇంట్లో ఎటూ అవకాశం రాదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. (నవ్వులు)

నేను నేసిన బట్ట తనిఖీ గదిలో ఆవిడ బల్ల మీదికే వెళ్ళేది. బట్ట అలా జారిపోతూ ఉంటే, పక్కావిడతో కబుర్లాడుతూనే, పోగు ఎక్కడ తెగిందో ఇట్టే పసిగట్టి, సుద్దముక్కతో గీత గీసి నాకు కబురు పంపేది; నేను వెళ్ళి, తాళి కట్టిన మనిషి ముందు ముక్కూమొహం తెలియనివాడిలా చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి. అక్కడ కూరలో ఉప్పు తగ్గిందని నేనంటే మాత్రం, తప్పులు పట్టడం మంచి అలవాటు కాదనేది. ఏమ్మా కోడలా, వెనక వరసలో నవ్వింది చాలు.

అంత చూపు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, "ఏమో, అక్కడికి రాగానే చెయ్యి ఆగుతుంది" అనేది.

పోయిన వారం నా థానులో పోగు తెగింది. నేను చూసేసరికే ఆలస్యమైంది. పిలుపు కోసం రోజంతా ఎదురుచూశాను. రాలేదు. థాను మీద గీత కూడా పడలేదట. మొగుడని వదిలేసిందన్నారు షెడ్డులో. వదిలే మనిషి కాదు. కళ్ళు మందగించాయనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. అప్పట్నుంచీ అన్నం సహించడం లేదు. తిట్లకోసం ఇంతగా మొహం వాచిన మొగుణ్ణి మీరు చూసి ఉండరు. (నవ్వులు) నవ్వకండి. నిజంగానే భయం వేసింది.

(భార్య వైపు తిరిగి) ఏమిటీ, ఏదో అంటున్నావు? మైకు అటివ్వండి.

"కనబడింది. ఎడమ అంచుకు జానెడు దూరంలో."

మరి గీత గియ్యలేదేం?

"గీస్తే ఆ ముక్క కోసి పీలికల్లో పారేస్తారు. మీ చేతి తప్పు నా బల్ల మీదికి రావడం అదే ఆఖరు కదా, పారెయ్యబుద్ధి కాలేదు. అంతమేరా కోయించి నేనే కొనేశాను. మీరు తొడుక్కున్న చొక్కా అదే. జేబు కింద చూసుకోండి."

(తల వంచి, జేబు కింద వేలితో తడిమి)

ఉంది. పొద్దుట్నుంచీ నా ఒంటిమీదే ఉంది.

మేనేజరుగారూ, చర్య తీసుకోదలిస్తే ఆవిడ సాయంత్రం దాకా మీ ఉద్యోగే. అందరికీ కృతజ్ఞతలు. ఈ చొక్కా ఇకమీదట నేనే ఉతుక్కుంటాను.

సెలవు.