వెనక్కి తిరిగిన చీమ

పోస్టర్ మీద చీమలన్నీ ఒకవైపే పోవాలట అక్కా. ఒక్కటి వెనక్కి తిరిగి ఉంటే చూసేవాళ్ళకి అచ్చుతప్పులా కనిపిస్తుందట. మా మేనేజర్ అన్నాడు. చీమలబారులో వెనక్కి తిరిగే చీమ ఉండదా ఏంటి? ఎదురొచ్చిన ప్రతిదానితో ఆగి నాలుగు మాటలు మాట్లాడితే గానీ కదలవు కదా అవి?

సరేలే, తిప్పేశాను. ఇంకేం చెయ్యను మరి.

ఉండు, దిండు సరిచేస్తాను. ఆఁ, ఇప్పుడు చూడు ఇటు. మొదట్నుంచీ చెప్తాను. బావ ఏదో చెప్పే ఉంటాడు గానీ, ఆయన చెప్తే మొదలుండదు, చివరుండదు.

నీకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ, మాటా పోయిన నాలుగో నెలలో మా ఆఫీసుకి ఆ పని వచ్చింది. చేతిపనుల ప్రదర్శనకి పోస్టర్. చేత్తో చేసిన కాగితం మీది నమూనాలు తీసుకుని, వాటినే పోస్టర్‌గా మలచాలి. అందరూ పెన్నులు కొరుకుతూ కూర్చున్నారు. నాకు మాత్రం నువ్వే తోచావు. తడి కాగితం మీద నారపోగులు పేర్చి నువ్వు వేసే చీమలబారు, చేపముల్లు, సగం తెరిచిన కిటికీ.

నీ దగ్గరికొచ్చి, మూడు కాగితాలు పట్టుకెళ్తానన్నాను. నువ్వు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నావు. తీసుకెళ్ళమన్నావో, వద్దన్నావో, ఇప్పటికీ నాకు తెలీదు. తెలుసుకుందామని ఆగనూ లేదు.

స్కాన్ చేసి తెరమీద పెద్దది చేసి చూస్తే, అబ్బ, ఎంత పనుంది దాంట్లో. చీమ కాలు ఒక్కోటీ ఒక్కో పోగు. ఒకచోట నీ వెంట్రుక కూడా అతుక్కుని ఉంది, సగం నెరిసింది. అదీ చెరిపేశాను. అంచులు నునుపు చేశాను. కాగితం గరుకంతా తీసేసి కింద చదునుగా పసుపురంగు నింపాను. ఒక్క బారుని పద్నాలుగు బార్లు చేశాను, అన్నీ ఒకేలా. నీకు వారం పట్టేది, నాకు ఒక్క పూట. నీ చీమలు ఏదో పనిమీద పోతున్నట్టుండేవి. నావి కవాతు చేస్తున్నాయి.

అందరూ బాగుందన్నారు. అదేగా మరి.

అప్పుడే ప్రదర్శనవాళ్ళు ఫోన్ చేశారు. ఈ నమూనాలు ఎవరివో చెబితే కింద చిన్న అక్షరాల్లో వేస్తామన్నారు.

నీ పేరు నోటిదాకా వచ్చింది అక్కా. ఒట్టు.

"పాత నమూనాలండీ, ఎవరివని చెప్పలేం" అన్నాను. అదే రాసిమ్మన్నారు. రాసిచ్చాను.

అలా చూడకు.

నీ పేరు చెబితే నిన్ను వేదిక మీదికి పిలుస్తారు, నువ్వెలా వెళ్తావు, నలుగురూ జాలిపడతారు, అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరు. చిన్నప్పట్నుంచీ నేనేం గీసినా, 'మీ అక్క చెయ్యి పడిందా దీనిమీద?' అనేవాళ్ళు కదా. అమ్మ కూడా అనేది. ఒక్క కాగితం మీదైనా నా పేరొక్కటే ఉంటే ఎలా ఉంటుందో చూసుకుందామనిపించింది. ఉంది, కింద మూలన. రెండు రోజులు దారిలో ఆగి ఆగి చూసుకున్నాను.

మూడో రోజు బావ చెప్పాడు. చేతికి వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తుంటే, బస్టాండు గోడ దగ్గర నువ్వు బండి ఆపించావట. పోస్టర్ వైపు చాలాసేపు చూశావట. ఇంటికొచ్చి ఆ పూట ముద్ద ముట్టలేదట.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను ప్రదర్శనవాళ్ళ ఆఫీసుకి. ఒక పెద్దావిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. తప్పు రాసిచ్చాను, ఇవి మా అక్కవి అన్నాను. ఆవిడ నా ఉత్తరమే తీసి నా ముందు పెట్టింది. ఎవరివీ కావని మీరు రాసిచ్చాకే, కానుకలు చుట్టే కాగితాల కంపెనీకి వాడుకోమని ఇచ్చేశాం అంది. అట్టపెట్టెల మీదా, సంచుల మీదా ఇప్పటికే అచ్చవుతున్నాయట.

బతిమాలాను. ఆవిడ నా ఉత్తరం మడిచి పక్కన పెట్టింది.

"అయితే మీ అక్కగారి చేత మా ముందు ఒక్క కాగితం చేయించండి. చూస్తే తెలిసిపోతుంది కదా."

నీ చెయ్యి పడిపోయిందని చెబితే, అయ్యో అంది. అంతే. అయ్యో అంటే అయిపోయింది కదా ఆవిడ బాధ్యత.

తర్వాత రోజు నువ్వు పడుకున్నప్పుడు వచ్చి, ఆ ఒక్క కాగితం నేనే చేద్దామని వెనక షెడ్డులో నీ తొట్టి కడిగాను. కాగితం గుజ్జు కలిపి, దాన్ని ఎత్తే జల్లెడ చట్రం ముంచాను. నీ పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు చూసినదాన్ని, ఆమాత్రం రాకపోతుందా అనుకున్నాను. గుజ్జంతా ఒక పక్కకే ముద్దకట్టింది. పోగులు నీళ్ళలో తేలిపోయాయి. ఆరో కాగితమూ చెడిపోయాక ఆ తడిలోనే కూలబడ్డాను. నువ్వు లేచి ఒక్క మాట చెప్పి ఉంటే తెలిసేది, తప్పెక్కడో. ఇక చెప్పేవాళ్ళు లేరు.

ఇంకో మాట ఉంది. బావకి చెప్పలేదు ఇది.

తప్పు ఒప్పుకోవడానికే వచ్చాననుకుంటున్నావు కదూ? దానికీ వచ్చాను. కానీ ఆ కంపెనీవాళ్ళు మొన్న మా ఆఫీసుకి వచ్చారు. ఇంకో పది నమూనాలు కావాలట. మేనేజర్ నా వంక చూశాడు. లేవని చెబుదామనే నోరు తెరిచాను.

ఉన్నాయండీ, అన్నాను.

ముడతపడకుండా నీ పరుపు కింద పరిచి ఉంచావుగా మిగతా కాగితాలు. అవి.

నువ్వు కదల్లేవులే. ఉండు, నేనే కాస్త పక్కకి జరుపుతాను.